దృశ్యనవలలో దక్షిణనాయకుడు: 'వైట్ ఆల్బమ్ 2' గుణదోష పరిశీలనము

కావ్యమును శ్రవ్యమనియు దృశ్యమనియు మన ఆలంకారికులు రెండు తెఱగులుగా విభజించిరి. చదువుటకును వినుటకును తగినది శ్రవ్యము. రంగమున చూచుటకు తగినది దృశ్యము. ఈ రెంటి నడుమ నిలుచు ప్రక్రియ యొకటి గడచిన నాలుగు దశాబ్దులలో జపాను దేశమున పెంపొందినది. దానిని 'విజువల్ నావెల్' అని వ్యవహరింతురు. మేము దృశ్యనవల యందుము. కంప్యూటరు తెరపై పాత్రల చిత్రములు, వాని వెనుక స్థలచిత్రము, క్రింద వరుసలు వరుసలుగా వచనము, పాత్రల కంఠధ్వని, సంగీతము - ఇవి దీని సామగ్రి. పాఠకుడు మీట నొక్కుచు వచనమును చదువుకొనుచు పోవును. కొన్ని తావుల కథ నిలిచి, నాయకు డిపుడేమి చేయవలెనని అతనినే అడిగి, రెండు మూడు మార్గములను చూపును. అతని యెంపికను బట్టి కథ వేర్వేఱు దారుల నడచి వేర్వేఱు ముగింపులను చేరును.

ఈ ప్రక్రియకు చెందిన గ్రంథములలో పెక్కింటిపై 'వయోజనులకు మాత్రమే' యను ముద్ర కలదు. కంప్యూటరు కొఱకు వెలువడు దృశ్యనవలలో సంభోగఘట్టములు కొన్ని ఉండుట ఆ విపణిలో చిరకాలపు వాడుక. ఈ ముద్రను చూచియే వానిని విమర్శకు అనర్హములని త్రోసివేయుట సులభము. తెలుగువారికి ఇట్టి త్రోసివేత అనుభవములోనిదే. తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమున ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటింపగా, అశ్లీలమను నెపమున ప్రభుత్వము 1911లో దానిని నిషేధించెను. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. తాను పెంచిన ఇళాదేవిని తానే శ్రీకృష్ణునకు పెండ్లి చేసి, పిదప ఆ వియోగమును తానే అనుభవించిన రాధ మనస్సును కవయిత్రి యెట్లు చిత్రించినదను ప్రధాన ప్రశ్న ఈ రచ్చలో మఱుగున పడెను. ముద్రను చూచి తీర్పు చెప్పుట అధికారి పని. ఔచిత్యమును చూచి చెప్పుట విమర్శకుని పని. ఈ రెండవ దృష్టితో జపాను దృశ్యనవలలలో పేర్కొనదగిన 'వైట్ ఆల్బమ్ 2'ను మే మిందు పరిశీలింప బూనితిమి.

ఈ గ్రంథమును ప్రకటించినది లీఫ్ అను సంస్థ. కథారచయిత మరుతో ఫుమియాకి. చిత్రకారుడు నకమురా తకేషి. ఇది రెండు సంపుటములు. 'ఉపోద్ఘాతభాగము' 2010 మార్చిలోను, 'ఉపసంహారభాగము' 2011 డిసెంబరులోను వెలువడినవి. 1998 నాటి 'వైట్ ఆల్బమ్'నకు ఇది పేరునకు రెండవదే గాని, కథ స్వతంత్రము. 2012లో ప్లేస్టేషన్ 3 యంత్రమునకై వయోజనఘట్టములను తొలగించిన పాఠమొకటి వచ్చినది. 2013లో ఉపోద్ఘాతభాగమును మాత్రము గైకొని 13 భాగముల టెలివిజన్ ధారావాహికను నిర్మించిరి. దానికిని రచన మరుతోదే. ఇట్లు పాఠభేదము లుండుట విమర్శకునకు మేలైన సంగతి. ఏ ఘట్టమును తీసివేసినచో కథకు హాని కలుగును, దేనిని తీసివేసినను కలుగదు అనునది పాఠములను సరిపోల్చిన తేటపడును.

కథాసంగ్రహము

కితహార హరుకి బుద్ధిమంతుడని పేరొందిన విద్యార్థి. పాఠశాల యుత్సవమునకై గిటారు నేర్చుకొనుచుండును. అతడు సాధన చేయు గదికి ప్రక్కగదిలో నుండి ఎవరో పియానో వాయించి అతని తడబాటులను కప్పుచుందురు. ఒకనాడు మేడపై నుండి ఒక కంఠము ఆ పాటతో కలియును. పియానో వాయించినది తోమా కజుస. ఆమె తల్లి ప్రసిద్ధురాలైన పియానో కళాకారిణి. తల్లి తన్ను విడిచి ఐరోపాకు పోయినదను గాయము కజుస మనస్సున మానలేదు. పాడినది ఒగిసో సెత్సున. అందఱును మెచ్చు చక్కదనము గలదే గాని, తనవారు తన్ను విడిచిపోవుదురేమో యను భయము లోలోపల నున్నది. ముగ్గురును కూడి ఉత్సవమున పాడుదురు. ఆనాడే సెత్సున హరుకికి తన ప్రేమను తెలుపును; అతడు అంగీకరించును. కాని అతని మనస్సు కజుసయందును, ఆమె మనస్సు అతనియందును లగ్నమై యున్నవి. సెత్సున కది తెలియును. చదువు ముగియగానే కజుస వియన్నాకు పయనమగును. విమానాశ్రయమున సెత్సున చూచుచుండగనే ఆ యిరువురి ప్రేమ బయటపడును.

రెండవ సంపుటము మూడేండ్ల తరువాత మొదలగును. హరుకి విశ్వవిద్యాలయమున చదువుచు ఒక ప్రచురణసంస్థలో పని చేయుచుండును. సెత్సున పాడుట మానివేసినది. వారిరువురును విడిపోలేదు, కలిసియు లేరు. మఱి రెండేండ్ల పిమ్మటి కథకు 'కోడా' అని పేరు. పాశ్చాత్యసంగీతమున కృతి చివర వచ్చు ముగింపు ఖండికను కోడా యందురు. అందు హరుకి సెత్సునను పెండ్లాడ నిశ్చయించుకొన్న వేళ ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గు నగరమున కజుస అతనికి ఎదురుపడును.

గుణములు

మన శాస్త్రమున శృంగారనాయకులు నలుగురు: అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు. ఒక్కతెయందే అనురక్తుడు అనుకూలుడు. పలువురయందు సమానమగు దాక్షిణ్యము చూపువాడు దక్షిణుడు. తప్పు చేసి సిగ్గుపడనివాడు ధృష్టుడు. ఒకతెయందు మనస్సుంచి వేఱొకతెకు ప్రియము నటించువాడు శఠుడు. ప్రబంధములలో ఈ భేదములు సాధారణముగా నాయకుని స్వభావములు. కథాప్రారంభమున దక్షిణుడైనవాడు కథాంతమునను దక్షిణుడే. శ్రీకృష్ణుని యెనిమిదిమంది దేవేరులును అతని దాక్షిణ్యమును శంకింతురే గాని, ఆ దాక్షిణ్యమే పాపమని కవు లెన్నడును చెప్పరు.

మరుతో రచనయందలి మొదటి గుణము ఇచ్చట కలదు. హరుకి తన్ను దక్షిణుడని తలచుకొనును. ఎవరిని నొప్పింపరాదు, ముగ్గురము కలిసి యుండవలెను అనునదే అతని కోరిక. ఆ మంచితనమే ఇరువురు స్త్రీలను అయిదేండ్లు నిలువునా కాల్చినది. అతడు ఎవరికిని కాదనలేదు. కావున ఎవరికిని ఔనన్నవాడు కాలేదు. దాక్షిణ్యము నాయకగుణము కాదు, నిర్ణయమును వాయిదావేయు పిఱికితన మని గ్రంథము అడుగడుగున నిరూపించును. ప్రేమకథలలో ప్రతినాయకుడు లేకుండ ఇంతటి యాతనను పుట్టించుట కష్టము. ఇందు ప్రతినాయకుడు లేడు, ముగ్గురును మంచివారే.

కోడాయందలి ముగింపులు ఈ భావమును పూర్తి చేయును. ఒక దారిలో హరుకి సెత్సునకు అనుకూలుడగును. వేఱొక దారిలో కజుసకు అనుకూలుడగును. మూడవ దారిలో సెత్సునకు మాట యిచ్చియుండియు కజుసను రహస్యముగా కలిసికొనుచు శఠుడగును. కడకు కజుస వెడలిపోగా, మనస్సు చెదరిన అతనిని మోసపోయిన సెత్సునయే ఆదుకొనును. ఒకే మనుష్యుడు, ఒకే గతము. ఎంపిక మాత్రమే వేఱు. నాయకభేదము స్వభావమున లేదు, చేతయందే యున్నదని ఈ నిర్మాణము చాటుచున్నది. ఒక్క ముగింపే గల నవల ఈ విషయమును చెప్పగలదు గాని చూపలేదు. కావున పలు ముగింపులు గల ఈ ప్రక్రియ కథకు వట్టి వేషము కాదు, ప్రాణము.

రెండవ గుణము ఎంపికల పొదుపు. ఉపోద్ఘాతభాగమున ముగింపు ఒక్కటే. కథను మలుపు త్రిప్పు అధికారము పాఠకునకు లేదు. సెత్సున ప్రేమను హరుకి అంగీకరించు వేళ, వలదని చెప్పు అవకాశ మతనికి దొరకదు. ఈ తొలి తప్పునకు పాఠకుడు సాక్షి మాత్రమే. రెండవ సంపుటమున ఎంపికలు చేతికి వచ్చునప్పటికి ఆ తప్పు జరిగిపోయి యుండును. ఇక మిగిలినది ఎవరిని నొప్పింపవలె ననునదే. అధికార మీయవలసిన తావున ఈయక, ఇచ్చినను మేలు కలుగని తావున ఇచ్చుట రచయిత వివేకమునకు నిదర్శనము.

మూడవది పాట. ఉత్సవమునకై ముగ్గురును కూడి కట్టిన పాటకు 'అందని ప్రేమ' యను నర్థమిచ్చు పేరు పెట్టుదురు. సాహిత్యము హరుకిది. అందలి తాపము కజుసను గూర్చినది. స్వరము కూర్చినది కజుస. పాడినది సెత్సున. అనగా తన ప్రియుడు వేఱొకతెను తలచి వ్రాసిన మాటలను, ఆ వేఱొకతె కట్టిన వరుసలో, తన గొంతుతో సెత్సున లోకమునకు వినిపించినది. ఈ వైపరీత్యమును మొదట పాత్ర లెవ్వరును నోరు విప్పి చెప్పరు. పాట మాత్రము సాగుచుండును. అర్థము తెలిసిన పిమ్మట అదే పాట మరల వినబడినపుడెల్ల పాఠకుని మనస్సున వేఱొక వ్యథ ధ్వనించును. సెత్సున మూడేండ్లు పాడుట మానుటయు, రెండవ సంపుటమున ఫిబ్రవరి 14వ తేది సభలో హరుకి గిటారుతో మరల గొంతెత్తుటయు కథలో పెద్ద మలుపు లగుటకు కారణ మిదియే. దృశ్యనవలకు సంగీతము అలంకారము కాదు, కథాంగము కాగల దనుటకు ఇంతకంటె మంచి యుదాహరణమును మేము చూడలేదు.

నాలుగవ గుణము ఒకే వస్తువును మాటిమాటికి క్రొత్త యర్థముతో తెచ్చుట. తొలుత హరుకికిని కజుసకును నడుమ సంగీతపుగదుల గోడ యుండినది. ఆ గోడ వారిని కలిపినది. కోడాలో జపానునకు వచ్చిన కజుస అతని ప్రక్కయింటనే దిగును. మరల గోడయే. కాని ఇపుడది హద్దు. దానిని దాటుట నేరము. ఇట్లే మంచు. కథ సాగునది చలికాలములలో. మంచు మాటిమాటికి కురియును. కలుసుకొను వేళ అది ఉద్దీపనము, విడిపోవు వేళ దుఃఖమునకు తోడు.

అయిదవది కజుసను వరించు దారిలోని వీడ్కోలులు. హరుకి ఆమెతో దేశము విడిచిపోవుటకు ముందు తన్ను నమ్మినవారిని - సెత్సునను, ఆమె తల్లిదండ్రులను, చిరకాల మిత్రులను - ఎదుర్కొని బంధములను త్రెంచుకొనవలసి వచ్చును. ఈ ఘట్టములలో ప్రేమ గెలిచిన సంతోషము లేదు. ఒక్క స్త్రీని ఎన్నుకొనుట యనగా ఒక్క స్త్రీని కాదనుట మాత్రమే కాదు, ఆమె చుట్టును అల్లుకొన్న లోకము నంతను కాదనుట యని తెలియును. దక్షిణుడు అనుకూలుడగుటకు చెల్లింపవలసిన మూల్యమును లెక్కకట్టి చూపిన రచన ఇది.

దోషములు

ఇన్ని గుణములు గల గ్రంథమున దోషములును చిన్నవి కావు. మొదటిది అంగాంగిభావమునకు కలిగిన లోపము. రెండవ సంపుటమున సెత్సున గాక మఱి ముగ్గురు నాయికలతో ముగిసెడి ఉపకథలు కలవు. హరుకి ఆమెచే తిరస్కృతుడై, ఊరటకై వారిలో నొకరిని చేరును. వీరిలో ఇజుమి చియాకి కథ మెచ్చదగినది. సోమరివలె కనబడు ఆమె రహస్యముగా నాటకరంగమునకు చెందినది. ఆమె ప్రేమ యెంతవఱకు నిజము, ఎంతవఱకు పాత్రధారణము అను సందేహము ప్రధానకథకు అద్దము పట్టును. తక్కిన ఉపకథలకు ఆ బలము లేదు. అవి చదువ నింపుగా ఉండవచ్చును గాని, అయిదేండ్ల గాయము క్రొత్త పరిచయముతో మానునని చెప్పి మూలభావమును పలుచన చేయును. నాయికల సంఖ్య ఎక్కువగా ఉండవలె నను విపణినియమమునకు రచయిత తలయొగ్గినట్లు కనబడును.

రెండవది వయోజనఘట్టముల విషయము. అనౌచిత్యమే రసభంగమునకు మూలమని ఆనందవర్ధనుడు నిర్ణయించెను. ఆ గీటురాయిపై ఉపసంహారభాగమును పరీక్షింతము. కజుసతోడి రహస్యసమాగమము కథకు ఆవశ్యకము; అచ్చట శరీరము మాట తప్పినదని తెలియకున్న ద్రోహము ద్రోహము కాదు. అయినను అది జరిగినదని తెలియుటయే కథకు చాలును. దానిని సాగదీసి వర్ణించుటచే ద్రోహభావన సన్నగిల్లి, చూపఱి కుతూహలము మిగులును. ఇక ఉపకథలలోని ఇట్టి ఘట్టములు ఆ యా నాయికల కథ ముగిసినందులకు చెల్లించిన సుంకము వలె నున్నవి. 2012 పాఠమున వీనిని తీసివేసినను కథాసూత్రము తెగలేదు. తీసివేసిన లోపము కానరానిది ఆభరణము కాదు, బరువు.

ఇందు ఒక విశేషము కలదు. గ్రంథమునందలి శృంగారఘట్టములలో మిక్కిలి బలమైనది సంభోగము జరుగని ఘట్టము. క్రిస్మసు ముందటి రాత్రి హరుకియు సెత్సునయు మూడేండ్ల యెడబాటును దాటి ఒక్కటి కాబోవుదురు. అతడు పత్రికలో కజుసను గూర్చి వ్రాసిన వ్యాసమును ఆమె చదివియున్నది. ఆమెను మఱచితినని అతడు చెప్పిన మాట అబద్ధమని ఆ వ్యాసమే ఆమెకు చెప్పినది. చివరిక్షణమున ఆమె అతనిని తిరస్కరించును. వ్రాసినవాని మనస్సు వ్రాతలో దాగదను సత్యము, కోరినదానినే కాదనవలసిన సెత్సున యాత్మగౌరవము ఈ ఘట్టమున ఏకమై విప్రలంభమును కరుణపు టంచునకు చేర్చినవి. ఇట్టి ఘట్టమును వ్రాయగల రచయితకు తక్కిన వర్ణనల యవసరము లేకుండెను.

మూడవది యాదృచ్ఛికత. స్ట్రాస్‌బర్గు వంటి పరదేశనగరమున కజుస ఎదురగుట, ఆమెను గూర్చి వ్రాయు పని హరుకికే వచ్చుట, ఆమె నివాసము అతని ప్రక్కయిల్లే యగుట - ఇవి ఒకదానిపై నొకటి పేర్చబడినవి. కజుస తల్లి ఉపాయశాలిని గనుక కొన్ని ఆమె పన్నుగడ యని సమాధానము చెప్పవచ్చును. ఒక కాకతాళీయము కథకు మొదలు కావచ్చును. అదే పనిగా వచ్చినచో విధి కాదు, రచయిత చేయి కనబడును.

నాలుగవది విస్తరము. హరుకి తన్ను తాను నిందించుకొనుట మొదట హృదయమును కదల్చును. అదే నింద పదుగురియెదుట పదిమాఱులు వినినపుడు పాఠకుడు అలసిపోవును. కథ చాలవఱకు హరుకి నోటనే సాగుటచే స్త్రీల యిరువురి బ్రదుకులును అతని చుట్టునే తిరుగునట్లు తోచును. కజుస గొప్ప పియానో కళాకారిణి. ఆమె కళాసాధనయందు అతనికి సంబంధింపని యానంద మేదియు లేదా యను ప్రశ్నకు గ్రంథమున తగిన జవాబు లేదు.

ఉపసంహారము

తుదకు చెప్పవలసిన దోషము ఈ గ్రంథమునకే గాక ప్రక్రియ కంతటికిని చెందినది. ఎంపికకు విలువ అది తిరిగిరాదను నమ్మకమున నున్నది. దృశ్యనవలలో పాఠకుడు వెనుకకు పోయి వేఱొక దారి పట్టగలడు. నేడు కజుసను వరించిన చేయి రేపు సెత్సునను వరించును. హరుకికి నిషిద్ధమైన దాక్షిణ్యము పాఠకునకు ఉచితముగా దొరకుచున్నది. అన్ని ముగింపులను అనుభవించువాడు తానే దక్షిణనాయకుడు కాడా?

ఈ యాక్షేపము బలమైనదే. అయినను 'వైట్ ఆల్బమ్ 2' దానికి లొంగిపోలేదని మా యభిప్రాయము. సెత్సునను వరించు దారిలో స్త్రీలిరువురును ఒకరినొకరు చేయిచేసికొనునంతగా కలహించి, పిదప ముగ్గురును కూడి మరల పాట కట్టుదురు. ఆ దారి చదివినవాడు కజుసను వరించు దారికి మరలినపుడు, ఆ పాటకు తావు లేకుండ చేసినది తన చేయియే యని యెఱుగును. అచ్చట చివరకు సెత్సున ఒంటరిగా గిటారు పట్టి పాడి దూరదేశమునకు పంపిన దృశ్యమును చూచుచు సంతోషింపలేడు. ఒక ముగింపు మఱియొక ముగింపును చెఱిపివేయుట లేదు. దానిపై నేరము మోపుచున్నది. వెనుకకు పోగలిగినను పాఠకుడు మొదటివలె పోలేడు. ప్రక్రియాదోషమునే గుణముగా మలచుకొన్న యీ నేర్పునకే ఈ గ్రంథము నిలుచునని మేము తలంతుము.

ఉపకథల బరువును, విపణి కోరిన వర్ణనలను విడదీసి చూచినచో ఇందు మిగులునది ముగ్గురు మంచివారి కథ. మంచితనము చాలదనియు, ఒకనికి ఔననుటకు ఒకనికి కాదనవలసి యుండుననియు, ఆ కాదనుట వాయిదాపడిన కొలది బాధ వడ్డీతో పెరుగుననియు అది బోధించును. ముద్రను మాత్రమే చూచి ప్రక్కకు పెట్టినచో మనకు దక్కకుండ పోవునది ఇదియే. మన ప్రబంధముల శృంగారమును ఏ తూనికరాళ్లతో తూచితిమో, ఆ రాళ్లతోనే ఈ నూతనప్రక్రియను తూచుట న్యాయము. అట్లు తూచిన మీదట దోషములు తూనికకు వచ్చినను, గుణములవైపే త్రాసు మొగ్గుచున్నదని మా నిర్ణయము.